పాత వన్ ఇంచ్ షీటులో గూడెం లేకపోతే అప్పట్లో లేనట్టేనా?

కొండవాగు: అరకు వైపు పాత వన్ ఇంచ్ షీటు (మైలుకు అంగుళం స్కేలు సర్వే మ్యాపు), నంబరు 65 జె/15. ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే వాగులన్నీ తూర్పుకు 200 మీటర్ల దాకా జరిగాయి. ఒక గూడెం అసలే లేదు. ఇలాంటి షీటును సాక్ష్యంగా ఎలా నమ్మాలి?

గొలుసుకొలత: తప్పు షీటుది కాదు, మీ సెట్టింగుది. ఆ అక్షాంశ రేఖాంశాలు ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి పాత సర్వే వాడిన లెక్క) మీదివి, మీరు ఇప్పటి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అని ఎక్కించారు. ఆ పాత లెక్కకు తగిన కల్యాణ్‌పూర్ డేటమ్ (కొలతల ఆధారం) ఇవ్వండి, సరిపోతుంది.

పాతకాగితం: అంతటితో పోదన్నా. ముందు స్కేలు పెట్టి కొలవమనండి. షీటు ఎత్తు 15 నిమిషాలు, నేల మీద 27.67 కి.మీ.; కాగితం మీద 437 మి.మీ. రావాలి. 435 వస్తే కాగితం ముడుచుకుంది. ఆ 2 మి.మీ. అంటే 127 మీటర్లు.

గొలుసుకొలత: ఐదేసి నిమిషాల గీతలు కలిసే 16 చోట్లా గుర్తులు పెడితే కాగితం ముడుచుకున్న తేడా సర్దుకుంటుంది.

పాతకాగితం: ముక్కలుగా కోసి గుడ్డకు అంటించిన షీటైతే? ముక్కల మధ్య సందులు కూడా స్కాన్‌లో పడతాయి.

అడవిపిల్లి: మిల్లీమీటర్ల దగ్గరే కొట్టుకోండి. గూడెం సంగతి?

గొలుసుకొలత: షీటులో లేదంటే అప్పటికి లేదనే. సర్వేయరు ఊరిని వదిలేయడు.

పాతకాగితం: ప్లేన్ టేబుల్ (బల్ల మీద కాగితం పెట్టి అక్కడికక్కడే మ్యాపు గీసే) పని తెలిసే అంటున్నారా? శిఖరాల మీది మూడు స్టేషన్లు (ముందే కొలిచిపెట్టిన గుర్తులు) కనిపిస్తేనే రిసెక్షన్, అంటే తామున్న చోటు పట్టుకోవడం, కుదిరేది. కొమ్మలు కమ్మిన లోయలో అవి కనపడవు. అక్కడ ట్రావర్స్ (దారి వెంట దూరం, దిశ కొలుచుకుంటూ పోయే గీత) లాగి, పక్కలు కంటి అంచనాతో గీసేవారు. అందుకే శిఖరాలు కచ్చితంగా ఉంటాయి, వాగులు పుట్టే చోట్లు మాత్రం ఎటో పోతాయి. ఇక పోడు వెంట కొండ మారే నాలుగు గుడిసెలు! 10 మీటర్ల గుడిసె ఆ స్కేలులో 0.16 మి.మీ. ఎక్కడ గీస్తాడు?

గొలుసుకొలత: అదీ సంగతి! మీ బాధ డేటమ్ కాదు, పోడు పట్టా. మొన్న ఆ రిజర్వు హద్దు చర్చలోనూ నా షీటును ఇలాగే తీసిపారేశారు.

పాతకాగితం: అవును, పట్టానే. షీటులో ఊరుంటే ఉన్నట్టే, ఒప్పుకుంటా. లేకపోతే లేదని ఎలా రాస్తారు? 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులను అడిగేది 13 డిసెంబరు 2005 నాటి స్వాధీనం. నిబంధన 13లో మ్యాపులతో పాటు పెద్దల వాంగ్మూలమూ సాక్ష్యమే.

గొలుసుకొలత: వాంగ్మూలానికి ఎర్రర్ ఎన్ని మీటర్లు?

అడవిపిల్లి: 😂

కొండవాగు: కల్యాణ్‌పూర్ పెట్టి, 16 గుర్తులూ ఇచ్చాను. వాగులు 40 మీటర్ల లోపుకొచ్చాయి. ఈశాన్య మూల ఒక్కటే ఇంకా లాగుతోంది.

పాతకాగితం: అక్కడ మడత ఉందేమో చూడండి.