14 అడుగుల దోనె, 7 అడుగుల ట్రే: బోర్లించాలా, వెల్లకిలా పెట్టాలా?

మేతదోనె
మలికిపురం దగ్గర మా రొయ్యల చెరువులో మేత చల్లే ఫైబర్ దోనెని భీమవరం దగ్గర మా బావగారి చెరువుకి పంపాలి. పొడవు 14 అడుగులు. దొరికిన బండి టాటా ఏస్, దాని ట్రే కాస్త అటూఇటూగా 7 అడుగులు. డ్రైవరేమో "వెల్లకిలా పెట్టి నైలాన్ తాడుతో నాలుగు చుట్లు చుడితే చాలండీ" అంటాడు. మా నాన్నగారు బోర్లించాల్సిందే అంటారు. రెండు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. మీరేమంటారు?

రేవుకాడ
నాన్నగారి మాటే నాదీ. వెల్లకిలా పెడితే గుండ్రటి అడుగు ట్రేలో దొర్లుతుంది. దారిలో వాన పడిందా, నీళ్ళు నిండి బరువు ఎక్కడికక్కడ మారిపోతుంది. బోర్లిస్తే రెండు అంచులూ ఆనుకుని కుదురుగా కూర్చుంటుంది.

చించినాడగాలి
కుదురుగా కూర్చునేది చదునుగా పెడితేనండీ. ఏస్‌లో చదునుగా ఎక్కడ పడుతుంది? వెనక భాగం ట్రేలో, ముక్కు క్యాబిన్ మీదుగా ఆకాశంలోకి. అలా ఏటవాలుగా బోర్లించారంటే డొల్ల ఎదురుగాలికి దోసిలి పట్టినట్టే. వశిష్ఠ గోదావరి మీద చించినాడ వంతెన ఎక్కగానే తెలుస్తుంది. ఏటవాలుగా పెట్టక తప్పకపోతే వెల్లకిలాయే నయం, కింద ఇసుక బస్తాలు అటొకటి ఇటొకటి వేసి. గాలి అప్పుడూ లేపుతుంది గానీ, లోపల చిక్కుకోదు.

రేవుకాడ
ముక్కుకి తాడు కట్టి కిందకి, బండి ముందు బంపర్ దగ్గర ఛాసిస్‌కి లాగి కడితే ఎలా లేస్తుందండీ? గాలి గొడవ కట్టులో ఉంది, బోర్లించడంలో లేదు.

పాతలారీ
ఇరవై ఏళ్ళు లోడు కట్టినవాణ్ణి, ఒక మాట చెప్తాను. బోర్లా, వెల్లకిలా అని కొట్టుకుంటున్నారు గానీ ఆ "నాలుగు చుట్లు" సంగతి ఎవరూ పట్టించుకోలేదు. దోనె నడుము లావు, రెండు కొసలూ సన్నం. నడుముకి చుట్టిన తాడు, బ్రేకు వేయగానే దోనె జానెడు జరిగితే చాలు, వదులైపోతుంది. అందుకే చుట్లతో పాటు ముక్కు నుంచి ముందుకి, వెనక కొస నుంచి వెనక్కి విడివిడిగా కట్టాలి. పైగా నైలాన్ సాగుతుంది. తడిస్తే ఇంకాస్త. పది కిలోమీటర్లు పోయాక ఆపి మళ్ళీ బిగించనివాడు లోడు కట్టినట్టు కాదు. తాడు కొక్కేలకే కట్టండి, వెనక డోరు గొళ్ళేనికి మాత్రం వద్దు.

ఫైబర్‌బాధితుడు
రాచెట్ బెల్టు (లివర్‌తో బిగించే పట్టీ) వాడండి, నైలాన్ తాడంత సాగదు. కానీ ఆ లివర్ దొరికింది కదా అని బలమంతా చూపించకండి. మాది అలాగే బిగించాం, దిగేసరికి అంచు మీద వెంట్రుకవాసి చీలిక. చెరువులోకి దించాక నీరు ఊరడం మొదలైంది. బెల్టు ఆనే చోట పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టాల్సింది.

పాతలారీ
బెల్టుకి ఒక మెలిక కూడా వెయ్యండి. చదునుగా ఉంటే గాలికి బుయ్‌మని మోగుతుంది, డ్రైవరుకి టెన్షన్.

రూలుబుక్కు
అసలు ఇంత పొడుగు సరుకు ఏస్‌లో ఎందుకు? 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194(1ఎ) ప్రకారం సరుకు పక్కకి గానీ ముందువెనకలకి గానీ ఎత్తులో గానీ హద్దు దాటితే జరిమానా 20,000 రూపాయలు, దించిన ఖర్చు అదనం. ఎర్ర గుడ్డ కట్టాం కదా అంటే వదలరు.

చించినాడగాలి
ఆయ్, ఇది సరైన మాట. ట్రాక్టర్ ట్రక్కు మాట్లాడుకోండి. పొడవు చాలేది దొరికితే గడ్డి పరిచి చదునుగా పెట్టొచ్చు. చదునైతే నేనూ బోర్లాకే ఓటు.

మేతదోనె
మా ఊళ్ళో ట్రాక్టర్ కుదిరింది, ట్రక్కు 12 అడుగులు. దోనె ముక్కు ముందు తలుపు మీదుగా ఇంజన్ వైపుకి వస్తుంది, వెనక ఏమీ బయటికి రాదు. ఏస్ డ్రైవరు అలిగాడు. నాన్నగారు గెలిచినట్టే గానీ ఇప్పుడు కింద గోనె సంచులు చాలంటున్నారు, నేను ట్యూబులంటున్నాను.

ఫైబర్‌బాధితుడు
ట్యూబులేనండీ. గోనె తడిస్తే జారుతుంది.

రేవుకాడ
నాన్నగారు చెప్పింది వినండి. గడ్డి మీద గోనె జారదు.