కొత్త సింఫనీ పక్కన పాత పాటలు: ఒకే సాయంత్రం రెండూ పెట్టొచ్చా?

స్వరలేఖ:
2025 మార్చి 8న లండన్‌లోని ఈవెంటిమ్ అపోలోలో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఇళయరాజా ‘వాలియంట్’ సింఫనీని వాయించింది. కండక్టర్ మికెల్ టామ్స్. నాలుగు మూవ్‌మెంట్లు (సింఫనీలోని పెద్ద భాగాలు), అన్నీ కొత్తవే. అదే సాయంత్రం జనానికి కంఠతా వచ్చిన సినిమా సంగీతం కూడా ఉంది. చర్చకు పెడుతున్నది ఆయన ప్రతిభను కాదు, ఈ కలపడాన్ని.

కలపకూడదనేది నా వాదన. సింఫనీలో థీమ్, అంటే ముఖ్యమైన బాణీ, ఒకసారి వినిపిస్తుంది, తర్వాత ముక్కలవుతుంది, వాయిద్యాలు మారుతుంది, వేరే శ్రుతిలోకి పోతుంది, చివరికి తిరిగొస్తుంది. ఆ రాకను గుర్తుపడితేనే ఆనందం. ఒక్కసారి విన్నదాన్ని చెవి పట్టుకోవడమే కష్టం. ఆ వెంటనే, మొదటి రెండు స్వరాలకే హాలంతా గొంతు కలిపే పాట మొదలైతే ఇంటికెళ్ళేటప్పుడు నోట్లో మెదిలేది ఏది? ‘ఫలానా పాట అమృతం’ లాంటి జవాబులు వద్దు, కారణాలు చెప్పండి.

రెండో వయొలిన్:
కొత్తదీ పాతదీ కలపడం ఆర్కెస్ట్రాలకు మామూలే. ముందు పది నిమిషాల ఓవర్చర్ (ఆరంభ రచన), తర్వాత అరగంట కొత్త రచనో కన్‌చెర్టోనో (ఒక వాయిద్యం ముందుండి, ఆర్కెస్ట్రా తోడుండే రచన), ఇంటర్వెల్, ఆ తర్వాత అందరికీ తెలిసిన సింఫనీ. ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఓవర్చర్ అయ్యాక లోపలికొస్తారు, కొత్త రచన నడిచేటప్పుడు తలుపులు మూసే ఉంటాయి. ఈ వరుసలో అర్థం ఉంది.

అసలు చిక్కు చెవి దగ్గర కాదు, రిహార్సల్ దగ్గర. సెషన్ అంటే మూడు గంటలు, మధ్యలో విరామం. ఒక కచేరీకి దొరికేవి సాధారణంగా రెండు మూడు సెషన్లే. అందరికీ తెలిసిన సింఫనీ అయితే కష్టమైన చోట్లు చూసి వదిలేయొచ్చు. కొత్తదానికి అలా కుదరదు. పార్టుల్లో (ఒక్కో వాయిద్యానికి రాసిన కాగితాల్లో) బోయింగ్ గుర్తులు, అంటే కమాను ఎటు లాగాలో చెప్పేవి, లేకపోతే మొదటి గంట దానికే పోతుంది. 60 బార్ల (తాళపు గడుల) మౌనం తర్వాత ప్రవేశించే ట్రంపెట్ పార్టులో పక్క వాయిద్యం క్యూ (అంతకు ముందు అది వాయించే స్వరాలు) చిన్న అచ్చులో వేయకపోతే ఆ ప్రవేశం తప్పుతుంది. పేజీ తిప్పాల్సిన చోట రెండు బార్ల ఖాళీ లేకపోతే ప్రతి బల్ల మీదా ఒకరు వాయించడం ఆపాలి, అంటే సగం వయొలిన్లు మాయం.

ఇప్పుడు దీనికి ఎనిమిదో పదో పాటలు చేర్చండి. ఒక్కో పాటకూ గాయకులు, డ్రమ్స్, క్లిక్ ట్రాక్ (చెవిలో లయ కొట్టే శబ్దం). స్ట్రింగ్స్ (వయొలిన్ కుటుంబం) పార్టు సులువుగానే ఉంటుంది, కానీ అందరినీ కూర్చోబెట్టి సరిచూడాలి. ఆ సమయం సింఫనీ ఖాతాలోంచే పోతుంది. 1808 డిసెంబర్ 22న వియన్నాలో బీథోవెన్ తన అయిదు, ఆరు సింఫనీలు, నాలుగో పియానో కన్‌చెర్టో, పాతదైన ఓ ఏరియా (ఒక గొంతుకు రాసిన పాట), కోరల్ ఫాంటసీ (పియానో, ఆర్కెస్ట్రా, బృందగానం కలిసినది) అన్నీ ఒకే రాత్రి పెట్టాడు. చలిలో నాలుగు గంటలు. రిహార్సల్ చాలక ఫాంటసీ మధ్యలో చెడింది, ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. బీథోవెన్‌కే తప్పలేదు.

రిహార్సల్ చాలలేదని వినేవాళ్ళకు ఎలా తెలుస్తుందంటే: అన్నీ ఒకే మధ్యస్థాయి బిగ్గరలో ఉంటాయి. మెల్లగా వాయించడానికి ధైర్యం కావాలి, అది పదేపదే వాయిస్తేనే వస్తుంది. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి మారే చోట లయ కుంటుతుంది.

శబ్దశాల:
హాలు సంగతి ఎవరూ ఎత్తలేదు. అపోలో 1932లో సినిమా హాలుగా కట్టింది, సుమారు 3,500 సీట్లు. సింఫనీ కోసం కట్టిన హాలు నిండా జనం ఉన్నా రెండు సెకన్ల దాకా అనురణనం (శబ్దం ఆగాక హాల్లో మిగిలే మోత) ఇస్తుంది, వియన్నా ముజిక్‌ఫెరైన్ అలాంటిదే. సినిమా హాలు మాటలు తెలియడానికి కట్టింది, అందుకే అనురణనం తక్కువ. అంతమందికి వినబడాలంటే మైకు తప్పదు. మైకు వచ్చాక కొత్త సింఫనీకీ పాటకూ అవసరాలు పూర్తిగా వేరు.

పాటకి ప్రతి వరుస స్ట్రింగ్స్ మీదా అడుగు, రెండడుగుల ఎత్తులో మైకులు పెడతారు, లేకపోతే డ్రమ్స్ ముందు వయొలిన్లు వినబడవు. కంప్రెసర్ (మెల్లని, బిగ్గర శబ్దాల మధ్య తేడా తగ్గించేది) గట్టిగా బిగిస్తారు. అదే సెట్టింగు సింఫనీకి వదిలేస్తే అతి మెల్లని భాగమూ, బ్రాస్ (ట్రంపెట్, హార్న్ లాంటి ఇత్తడి వాయిద్యాలు) మొత్తం విరుచుకుపడే భాగమూ ఒకే ఎత్తులో వస్తాయి. అలాంటప్పుడు జనం ‘సింఫనీ చప్పగా ఉంది’ అంటారు. తప్పు రచనది కాదు, కన్సోల్‌ది (మైకుల స్థాయిలు సరిచేసే బల్లది).

చేయాల్సింది ఇది. కన్సోల్‌లో రెండు వేర్వేరు సీన్లు (సెట్టింగుల కట్టలు) సేవ్ చేయాలి. సింఫనీకి కండక్టర్ వెనక, పైన ఒక జత ప్రధాన మైకులు పెట్టి, దగ్గరి మైకులను బాగా తగ్గించి ఆసరాకే వాడాలి, కంప్రెసర్ తీసేయాలి. డ్రమ్ కిట్ వేదిక మీదే ఉంటే స్నేర్ (కింద తీగలుండే చిన్న డ్రమ్) కింది తీగలు వదులు చేయాలి. లేకపోతే హార్న్‌లు పలికినప్పుడల్లా అది దానంతటదే బరబరలాడుతుంది. మెల్లని మూవ్‌మెంట్‌లో ఆ శబ్దం భరించలేం.

హిందోళం:
మన కర్ణాటక సంగీత కచేరీ చూడండి అండీ. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ స్థిరపరిచిన పద్ధతిలో వర్ణం, చిన్న కృతులు, ప్రధాన కృతి, తని ఆవర్తనం (మృదంగం వంటి తాళవాద్యాల ఒంటరి వాయింపు), చివర్లో జావళి, తిల్లానా. అంతసేపు తోడి రాగం విన్నాక జావళి వచ్చిందని తోడి చెరిగిపోయిందని ఎవరూ అనరు. సినిమా పాటలు తుకడాలనుకుంటే (కచేరీ చివరి చిన్న పాటలనుకుంటే) సరిపోయె! పైగా పాటలు లేకుండా 3,500 సీట్లు నింపమనండి చూద్దాం.

స్వరలేఖ:
హిందోళం గారూ, పోలిక సగమే నిలుస్తుంది. కృతి కొత్తదైనా రాగం పాతది. తోడి అనగానే రసికుడికి గాంధారం ఎలా ఊగుతుందో తెలుసు, ఏది ఎక్కడికి వెళ్తుందో ఊహిస్తూ వింటాడు. కచేరీ అంతా ఆధార షడ్జం ఒకటే. కొత్త సింఫనీకి అలాంటి ఆసరా లేదు, శ్రుతి కూడా నిలవదు. సీట్ల లెక్క మాత్రం కాదనను.

ఆసరా మనమే ఇవ్వొచ్చు కదా? మూవ్‌మెంట్ మొదలయ్యే ముందు దాని రెండు ముఖ్య థీమ్‌లను ఆర్కెస్ట్రాతోనే అరనిమిషం చొప్పున వాయించి చూపించాలి. లేదా మళ్ళీ వాయించాలి. కండక్టర్ హాన్స్ ఫొన్ బ్యూలో బీథోవెన్ తొమ్మిదో సింఫనీని ఒకే కచేరీలో రెండుసార్లు వాయించాడు. 1918లో స్వరకర్త షూన్‌బర్గ్ వియన్నాలో పెట్టిన సంఘంలో కొత్త రచనలను పదేపదే వినిపించేవారు, చప్పట్లు నిషేధం. పాటలకిచ్చిన సమయంలో ఒక మూవ్‌మెంట్ రెండోసారి వినిపిస్తే నాకు చాలు.

గోదారి గట్టు:
చప్పట్ల మాట వచ్చింది కాబట్టి. మూవ్‌మెంట్‌కీ మూవ్‌మెంట్‌కీ మధ్య మనవాళ్ళు కొడితే నామోషీ అనుకోనక్కర్లేదు. 1778లో పారిస్‌లో తన సింఫనీ మొదటి అల్లెగ్రో (వేగమైన భాగం) నడుస్తుండగానే జనం చప్పట్లు కొట్టారని మోట్సార్ట్ తండ్రికి సంతోషంగా రాశాడు. బీథోవెన్ ఏడో సింఫనీ రెండో మూవ్‌మెంట్‌ను 1813లో మళ్ళీ వాయించమన్నారు. కాకపోతే అయిదో సింఫనీ మూడో మూవ్‌మెంట్ ఆగకుండా నాలుగోదానిలోకి పోతుంది, అక్కడ కొడితే దెబ్బే. కండక్టర్ చేతులు దించాడా లేదా చూసుకుంటే చాలు.

రెండో వయొలిన్:
రెండుసార్లు వాయించడం వినడానికి బావుంది కానీ ట్రంపెట్, హార్న్ వాళ్ళ పెదవుల్ని అడగండి. 45 నిమిషాల బ్రాస్ భారం తర్వాత ఆఖరి మూవ్‌మెంట్ మళ్ళీ అంటే పై స్వరాలు పగులుతాయి. మెల్లని మూవ్‌మెంట్ అయితే ఒప్పుకుంటా.

వరుస నన్నడిగితే సింఫనీ మొదట. పెదవులూ, చెవులూ తాజాగా ఉండగా. ఇంటర్వెల్‌లో డ్రమ్ కిట్ వేదికెక్కించి, తర్వాత పాటలు.

శబ్దశాల:
ఇరవై నిమిషాల్లో కిట్ ఎక్కించొచ్చు, సౌండ్ చెక్ చేయలేం. కిట్‌ని చక్రాల వేదిక మీద ముందే మైకులతో సిద్ధం చేసి, మధ్యాహ్నమే స్థాయిలు సేవ్ చేసుకుంటే మీ వరుస కుదురుతుంది.

ఒక మాట స్వరలేఖ గారికి. తెలిసినది పక్కన ఉన్నంత మాత్రాన కొత్తది నలగదు, ఎంపికను బట్టి ఉంటుంది. కండక్టర్ సైమన్ రాటిల్ బెర్లిన్‌లో స్వరకర్త లిగెటి ‘అట్మాస్ఫేర్’ను ఆపకుండా వాగ్నర్ ఒపెరా ‘లోహెన్‌గ్రిన్’ ప్రిల్యూడ్‌లోకి (ఆరంభ సంగీతంలోకి) నడిపించాడు. మొదటిది 1961 నాటిది, 56 స్ట్రింగ్ వాయిద్యాలకూ తలా ఒక పార్టు. రెండోది 1850లో మొదటిసారి వినిపించింది, వయొలిన్లు పలు పాయలుగా విడిపోయి ఎత్తున మొదలవుతుంది. పక్కపక్కన వింటే కొత్తది పాతదాని చుట్టమని తెలుస్తుంది. పాటలు పెట్టాలనుకుంటే డ్రమ్స్ లేకుండా, సింఫనీ స్ట్రింగ్స్ రాతకు దగ్గరగా ఉన్న నాలుగిటిని ఎంచుకోవచ్చు. రిహార్సల్ కూడా మిగులుతుంది.

హిందోళం:
డ్రమ్స్ లేని నాలుగంటే సీట్లు మళ్ళీ ఖాళీ అండీ.

స్వరలేఖ:
నాలుగైతే ఒప్పుకుంటా. కానీ గాయకులు లేకుండా.