సంఖ్యలు, తేదీల ఫార్మాటింగ్ కోడ్ ఐదు చోట్ల ఉంది, ఒక్కచోటికి తేవడం ఎలా?

మా జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులో సంఖ్యలనూ తేదీలనూ లొకేల్‌కు (భాష, ప్రాంతపు అలవాట్లకు) తగ్గట్టు చూపించే సహాయక ఫంక్షన్లు ఐదు ఫైళ్లలో ఉన్నాయి. పేర్లు వేరు, పని ఒకటే. కాదు, దాదాపు ఒకటే, చిక్కంతా అక్కడే. తెలుగు లొకేల్‌లో ఒకటి 12,34,567 అని సరిగ్గా చూపిస్తే, ఇంకొకటి 1,234,567 అంటుంది. ఈ రెండోదానిలో ఎవరో కామాలను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల నమూనాను వెతికే సూత్రంతో) పెట్టారు. జర్మన్‌లో చుక్క, కామా తారుమారవుతాయని దానికి తెలియనే తెలియదు.

అన్నీ తీసేసి, జావాస్క్రిప్ట్‌లోనే ఉండే ఫార్మాటర్లు ఇంట్ల్.నంబర్‌ఫార్మాట్ (Intl.NumberFormat), ఇంట్ల్.డేట్‌టైమ్‌ఫార్మాట్ (Intl.DateTimeFormat) ఆధారంగా ఒకే మాడ్యూల్ రాయడం మొదలుపెట్టాను. వెంటనే ఫ్రెంచ్ టెస్టులు విఫలమయ్యాయి. వేల దగ్గర వచ్చేది మామూలు ఖాళీ కాదట, యూనికోడ్‌లో యూ+202ఎఫ్ (U+202F) అనే సన్నని ఖాళీ! కంటికి తేడా తెలియదు, సగం రోజు దానికే పోయింది.

తేదీలది మరో గొడవ. '2024-03-01' అని ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రిగా తీసుకుంటుంది కాబట్టి న్యూయార్క్‌లో ఫిబ్రవరి 29 కనిపిస్తుంది. పాత ఫంక్షన్లలో రెండే దీన్ని సరిదిద్దుతున్నాయి.

టైమ్ జోన్‌ను ప్రతి కాల్‌లో ఇవ్వడం మేలా, మాడ్యూల్‌లో ఒకసారి నిర్ణయించడం మేలా? ఫార్మాటర్‌ను ప్రతిసారీ సృష్టించకుండా లొకేల్, ఆప్షన్లు కలిపిన కీతో మ్యాప్‌లో (కీ ఇస్తే దానికి చెందినది తిరిగిచ్చే పట్టికలో) దాస్తున్నాను, ఇందులో ఇబ్బందులేమైనా ఉన్నాయా? అన్నిటికన్నా ముందు, ఐదింటినీ ఒకేసారి మార్చాలా, ఒక్కొక్కటిగానా? ఇలాంటి పని చేసినవారు చెప్పగలరా?