డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో హెవీ ఆర్మర్‌తో (బరువైన కవచం) నిద్రపోతే ఎగ్జాషన్ (అలసట) వస్తుందా? మా డీఎమ్‌తో (ఆట నడిపేవాడు) గొడవయింది

అలిపిరి_పాలడిన్:
నిన్న రాత్రి మిద్దె మీద ఆట. ఐదో ఎడిషన్. నాది మూడో లెవెల్ పాలడిన్ (దైవ యోధుడు), చెయిన్ మెయిల్ (ఇనుప గొలుసుల కవచం), డాలు, ఏసీ (దెబ్బ తగలకుండా కాచే అంకె) 18. క్యాంపు వేశాక ఆర్మర్ విప్పానా లేదా అని ఎవరూ అడగలేదు. లేవగానే డీఎమ్ "ఇనుములో పడుకున్నావు, ఒక లెవెల్ ఎగ్జాషన్ రాసుకో" అన్నాడు. ఇది రూలేనా? తిరుపతిలో మంచి డైస్ సెట్ ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పండి.

పుత్తూరు_రోగ్:
కాదు బ్రో. 2017లో వచ్చిన జానథర్స్ గైడ్ అనే రూల్ పుస్తకంలో ఉన్నది వేరు. మీడియం, హెవీ ఆర్మర్‌తో నిద్రపోతే ఖర్చయిన హిట్ డైస్‌లో (విశ్రాంతిలో ప్రాణం తిరిగి తెచ్చుకునే పాచికలు) పావు వంతే తిరిగొస్తాయి, కనీసం ఒకటి. ముందే ఎగ్జాషన్ ఉంటే తగ్గదు. కొత్తది ఎక్కదు. అదీ ఆప్షనలే. నాకూ ఇట్లే చేశారు. తెల్లారాక రూలు చెప్పే డీఎమ్‌ను చూస్తే ఒళ్లు మండుతుంది.

పాకాల_డీఎమ్:
నేను మా గుంపుకు పాత 3.5 ఎడిషన్ నాటి నుంచి ఆడిస్తున్నాను, ఈ విషయం నాకెవరూ నేర్పక్కర్లేదు. అప్పట్లో ఆర్మర్‌తో పడుకుంటే మరుసటి రోజు ఫటీగ్ (నీరసం) ఖాయం. స్ట్రెంగ్త్, డెక్స్‌టెరిటీ రెండింటికీ మైనస్ 2, పరుగు లేదు, ఛార్జ్ లేదు. ఎండ్యూరెన్స్ ఫీట్ (ఓర్పు అనే ప్రత్యేక నైపుణ్యం) ఉన్నా మీడియం వరకే మాఫీ. చెయిన్ మెయిల్ 55 పౌండ్లు. 25 కిలోల బియ్యం మూట ఒంటికి కట్టుకుంటే నిద్రెట్లా పడుతుంది?

పుత్తూరు_రోగ్:
రెండు ఎడిషన్లు కలపొద్దు. 55 ఐదో ఎడిషన్ లెక్క. 3.5లో చెయిన్‌మెయిల్ 40 పౌండ్లే, అదీ మీడియం. ఎండ్యూరెన్స్ ఉంటే హాయిగా పడుకోవచ్చు. ఇన్నేళ్లు ఆడించి ఇది మర్చిపోతే ఎట్లా?

పాకాల_డీఎమ్:
మాట జాగ్రత్త. 40 అయినా 55 అయినా ఇనుము ఇనుమే. బరువు సరే, ఉక్క సంగతేంది? మే నెలలో గంగ జాతరకు వేషం కట్టి రెండు గంటలు తిరిగినవాణ్ణి. విప్పాక బనియన్ పిండితే నీళ్లు కారాయి. అది ఒట్టి గుడ్డే.

కాణిపాకం_బార్డ్:
లైట్ ఆర్మర్‌లో నిద్రకు ఏ నష్టమూ లేదు. లెదర్ వేసుకునే క్లాస్ (పాత్ర రకం) తీసుకో.

పుత్తూరు_రోగ్:
పాలడిన్ ఇష్టపడి ఆడేవాణ్ణి క్లాస్ మార్చుకోమనడం సలహానా?

చంద్రగిరి_సిరి:
అన్నా, ఆగండి. చూడాల్సింది టైము. హెవీ ఆర్మర్ వేసుకోవడానికి 10 నిమిషాలు. ఫైట్‌లో రౌండుకు 6 సెకన్లు, అంటే 100 రౌండ్లు. మా క్యాంపు మీద గాబ్లిన్లు పడ్డప్పుడు నాలుగో రౌండుకే ఫైట్ అయిపోయింది. నేను ఆర్మర్ జోలికే పోలేదు. డాలుకు ఒక్క యాక్షన్ చాలు, ఏసీకి ప్లస్ 2. అది పట్టుకుని గుడారం ముందు నిలబడి, నిద్రలో ఉన్న మా విజర్డ్‌ను కాపాడాను. రెండు హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) మిగిలాయి నాకు.

పాకాల_డీఎమ్:
ఇది బాగుంది తల్లీ. కాపలా ఎవరిది ఆ రాత్రి?

చంద్రగిరి_సిరి:
మా రేంజర్‌ది. అతను నిద్రపోయాడు.

అలిపిరి_పాలడిన్:
డీఎమ్‌తో మాట్లాడాను, ఎగ్జాషన్ తీసేశాడు. ఇకపై క్యాంపు వేయగానే "విప్పావా, లేదా?" అని అడుగుతాడట. షీట్ పైన రాసుకున్నాను: ఆర్మర్ పక్కన, డాలు చేతికందేలా. డైస్ గురించి ఎవరైనా చెప్పండి, వచ్చే ఆదివారంలోపు కావాలి.