‘రష్’ సినిమా: జిమ్, క్రిస్టెన్ బాధితులా, దోషులా?

గోదావరి గట్టు:
1991లో వచ్చిన ‘రష్’ గురించి. కథంతా చెప్పక తప్పదు, చూడనివాళ్ళు ఇక్కడే ఆగండి. 1970ల నాటి టెక్సాస్‌లో ఒక చిన్న ఊరు. గెయిన్స్ అనే బార్ యజమానిని డ్రగ్స్ కేసులో పట్టుకోవాలని జిమ్, క్రిస్టెన్ అనే ఇద్దరు పోలీసుల్ని మఫ్టీలో దింపుతారు. అమ్మేవాడికి అనుమానం రాకుండా ఉండాలంటే వాడి కళ్ళముందే సూది ఎక్కించుకోవాలి. అలా అలా ఇద్దరూ మత్తుకు బానిసలవుతారు. గెయిన్స్ మాత్రం దొరకడు. పైనుంచి చీఫ్ ఒత్తిడి పెడతాడు. చివరికి అతని దగ్గర ఏమీ కొనకుండానే కొన్నట్టు కేసు అల్లేస్తారు. జిమ్ తుపాకీ దెబ్బకు చనిపోతాడు, క్రిస్టెన్ బోనెక్కి అసలు సంగతి చెప్పేస్తుంది.

చూసినవాళ్ళంతా ‘పాపం ఆ ఇద్దరూ’ అంటారు. నేను ఒప్పుకోను. మత్తు దిగక జిమ్ విలవిల్లాడుతుంటే కెమెరా అక్కడే కూర్చుంటుంది, మన గుండె తరుక్కుపోతుంది. వాకర్ సంగతేంటి? చిన్నాచితకా సరుకు అమ్ముకునే కుర్రాడు. వీళ్ళు బెదిరించి ఇన్‌ఫార్మర్‌గా మార్చుకుంటారు, స్నేహితుల్లా మెలుగుతారు, చివరికి వాడు తన ప్రాణం తానే తీసుకుంటాడు. వాడి చావు కూడా వీళ్ళ బాధలో ఒక మెట్టుగానే వస్తుంది.

ఇంకో మాట. దీనికి మూలం కిమ్ వోజెన్‌క్రాఫ్ట్ 1990లో రాసిన నవల. ఆమె 1970ల చివర్లో టెక్సాస్‌లోని టైలర్‌లో ఇదే పని చేసిన పోలీసు. ఆ ఆపరేషన్‌లో వందమందికి పైగా అరెస్టయ్యారు. ఆమె సహచరుడి మీద కాల్పులు జరిగిన మాట నిజం, కానీ అతను బతికాడు. కోర్టులో అబద్ధం చెప్పినందుకు తర్వాత ఇద్దరూ జైలుకెళ్ళారు. సినిమా జిమ్‌ని చంపేసి అతన్ని బోనెక్కే అవసరం నుంచి తప్పించింది. అందుకే మనకు కన్నీళ్ళు మిగిలాయి, ప్రశ్నలు మిగల్లేదు.

మాజీ ఖాకీ:
ఎక్సైజ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. మీ కోపం అర్థమైంది గానీ, కొసన ఉన్నవాళ్ళ మీదే పడుతోంది. దొంగ కొనుగోలుకు, అంటే కొనేవాడిలా నటించి సరుకు కొనడానికి, మనిషిని పంపేముందు ఇచ్చే నోట్ల నంబర్లు రాసుకుంటాం. వెళ్ళేముందు అతని జేబులు తడుముతాం, వచ్చాక మళ్ళీ తడుముతాం. శాంపిల్ మీద పంచుల (అక్కడున్న సాక్షుల) సంతకం, లక్క సీలు. ఇదంతా ఎందుకంటే అవతలివాడి కోసమే కాదు, లోపలికి వెళ్ళిన మా మనిషి కోసం కూడా. అతన్ని రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు.

ఈ సినిమాలో ఆ కాపలా ఎక్కడుంది? కొన్న సరుకులోంచి వీళ్ళు కొంత వాడేసుకుంటున్నారని పై ఆఫీసర్ డాడ్‌కి తెలియదా? కళ్ళు చూస్తే తెలిసిపోతుంది. తెలిసీ నడిపించారు. ఇరవైల్లో ఉన్న పిల్లని నెలల తరబడి ఆ మురికిలో వదిలేసి, ఫలితం తెమ్మని కూర్చున్నవాళ్ళు ముందు దోషులు.

ఓరుగల్లు వకీలు:
ఇద్దరూ ఒక అసలు విషయం వదిలేశారు. అదే టెక్సాస్‌లో 1999లో ట్యూలియా అనే ఊళ్ళో 46 మందిని అరెస్టు చేశారు, ఎక్కువమంది నల్లజాతివాళ్ళు. సాక్ష్యమల్లా ఒకే ఒక్క మఫ్టీ ఆఫీసర్ మాట. రికార్డింగ్ లేదు, వెంట ఇంకో పోలీసు లేడు. ఒకామె ఆ రోజు తాను ఓక్లహోమా సిటీలో ఉన్నట్టు బ్యాంకు రికార్డు చూపించాకే ఆమె మీద కేసు నిలబడలేదు. ఆ కాగితం దొరకనివాళ్ళు ఏళ్ళకేళ్ళు జైల్లో ఉన్నారు. 2003లో గవర్నర్ 35 మందికి క్షమాభిక్ష పెట్టారు. ఆ ఆఫీసర్‌కి అబద్ధపు సాక్ష్యం కింద 2005లో శిక్ష పడింది, అదీ జైలు కాదు, ప్రొబేషన్ (షరతుల మీద బయటే ఉండటం). ఆ మనిషి మత్తుకు బానిసని ఎవరూ అనలేదే! కాబట్టి జిమ్ వాడాడా లేదా అన్నది నాకు రెండో ప్రశ్న. మొదటిది, ఒక్క మనిషి నోటిమాట మీద ఊరిని జైల్లో పెట్టొచ్చా?

మన దగ్గర ఇది ఇంకా బరువైన ప్రశ్న. మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్డీపీఎస్ చట్టంలో 35, 54 సెక్షన్ల కింద సరుకు దొరికితే నేరం చేసినట్టే అనుకుని మొదలుపెడతారు, కాదని నిరూపించుకోవాల్సింది ముద్దాయే. గంజాయి 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్ళు, పైగా 37వ సెక్షన్‌తో బెయిల్ దాదాపు రాదు. అలాంటి చట్టం చేతికిచ్చాక పట్టుకున్నవాడు అబద్ధమాడితే ఇంకేం మిగులుతుంది?

డీఅడిక్షన్ నర్సు:
దోషి, బాధితుడు అని రెండు గదులు కట్టి ఏదో ఒకదాంట్లో కూర్చోమంటే కుదరదండి. నేను రోజూ చూసేవాళ్ళలో ఇంట్లో తల్లి గాజులు అమ్మినవాళ్ళున్నారు, వాళ్ళే మంచం మీద వాంతులు చేసుకుంటూ ఏడుస్తారు. రెండూ నిజమే. మన చట్టంలో కూడా 64ఎ సెక్షన్ ఉంది, కొద్ది మోతాదుతో దొరికిన బానిస తానుగా చికిత్సకు వస్తే కేసు నుంచి రక్షణ. జిమ్‌కి కావాల్సింది వార్డు. సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్తే ఉద్యోగం పోతుందన్న భయమే అతన్ని సగం చంపింది.

గోదావరి గట్టు:
నర్సు గారూ, చికిత్స విషయంలో మీతో గొడవే లేదు. కానీ వాకర్‌కి ఆ వార్డు ఎవరూ చూపించలేదు, బెదిరింపే చూపించారు. ఖాకీ గారూ, డాడ్, చీఫ్ ఇద్దరూ పెద్ద దోషులే, సరే. అయితే కాగితం మీద సంతకం పెట్టిన చెయ్యి మాత్రం వీళ్ళదే కదా.

ముగింపు నాకసలు మింగుడుపడదు. క్రిస్టెన్ నిజం చెప్పింది, గెయిన్స్ బయటికొచ్చాడు. అక్కడ ఆపితే ఆ సాక్ష్యానికి విలువ ఉండేది. ఆపకుండా, కారులో కూర్చున్న అతన్ని వెనకనుంచి ఎవరో తుపాకీతో లేపేస్తారు. ఎవరో మనకు అర్థమవుతూనే ఉంటుంది. కోర్టు వదిలిపెట్టినవాణ్ణి సినిమా చంపేసింది, హాల్లో చప్పట్లు కొట్టించుకుంది.

మాజీ ఖాకీ:
ఆ ఒక్క సీను మీద మీతో ఏకీభవిస్తాను. ఆమెకు డిపార్ట్‌మెంట్ ఏం చేసిందో చూపించాల్సిన చోట తుపాకీ పెట్టారు. డాడ్ మీద, చీఫ్ మీద విచారణ జరిగిందా లేదా అన్నది అడిగేవాడే లేడు.