ఆరు రోజులైనా మనసు మారలేదు, సెరటోనిన్ టెస్టు చేయించాలా?

అలిపిరి వాసి:
మా తమ్ముడికి 27 ఏళ్లు. రెండు నెలలుగా సరిగా నిద్ర లేదు, దేని మీదా ఆసక్తి లేదు. డాక్టరు డిప్రెషన్ అని చెప్పి ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా. రాసినారు. ఆరు రోజులైంది. వికారం, గాబరా పెరిగినాయి, మనసు మాత్రం అట్లే ఉంది. ఒక ల్యాబు వాళ్లు రక్తంలో సెరటోనిన్, డోపమైన్ అనే మెదడు రసాయనాలు కొలిచి ఏది తక్కువో చెప్తామంటున్నారు. ఆ రిపోర్టు చూపించి మందు మార్పించుకోవచ్చా? వాడేమో మాత్ర ఆపేస్తానంటున్నాడు.

పలమనేరు బయోకెమ్:
అన్నా, ఆ టెస్టుకు డబ్బు పెట్టొద్దు. ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతం దాకా పేగుల్లోనే తయారవుతుంది. రక్తంలో అది ప్లేట్‌లెట్ల లోపల ఉంటుంది, మెదడులోకి పోలేదు. మెదడు తనకు కావలసింది తిండిలోని ట్రిప్టోఫాన్ అనే పదార్థం నుంచి తనే చేసుకుంటుంది. కాబట్టి చేతి నుంచి తీసిన రక్తం మెదడు సంగతి చెప్పదు.

ఇంకో చిక్కు ఉంది. ఈ మాత్ర ప్లేట్‌లెట్లలోకి కూడా సెరటోనిన్ పోనివ్వదు. మాత్ర వాడే మనిషి రక్తంలో ఆ అంకె బాగా పడిపోతుంది. మందు తన పని తాను చేస్తుంటే రిపోర్టులో 'తక్కువ' అని వస్తుంది, ఇంట్లోవాళ్లు హడలిపోతారు.

చేయించదగినవి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బి12, షుగర్. థైరాయిడ్ మందగించినా, బి12 తగ్గినా అచ్చం డిప్రెషన్‌లాగే కనిపించవచ్చు.

చంద్రగిరి సైకియాట్రీ:
ఆరు రోజులకు మనసు మారకపోవడం మామూలే. మాత్ర మొదటి రోజే రెండు నరకణాల మధ్య సందులో సెరటోనిన్‌ను పెంచుతుంది. కానీ ఆ పెరుగుదలను కనిపెట్టే గ్రాహకాలు, మిద్దె మీది ట్యాంకు నిండగానే నీళ్లు ఆపే ఫ్లోట్‌లాగా, విడుదలను తగ్గించేస్తాయి. అవి మొద్దుబారి, విడుదల మళ్లీ పుంజుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుందని ప్రధానమైన వివరణ. పేగుల్లోని గ్రాహకాలకు ఆ ఓపిక లేదు, అందుకే వికారం ముందొస్తుంది. ఎక్కువమందికి వారం పది రోజుల్లో తగ్గిపోతుంది.

'సెరటోనిన్ తక్కువైతే డిప్రెషన్' అన్న మాట 1960లలో బలపడింది. 2022లో పరిశోధనలన్నీ కూర్చి చూసిన ఒక సమీక్షలో దానికి నిలకడైన ఆధారం దొరకలేదు. అంతమాత్రాన మందు పనికిరాదని కాదు, డిప్రెషన్ ఒక్క రసాయనం లెక్క కాదని. డోపమైన్ కూడా అంతే. అది ఆనందం కన్నా, ఏదైనా అనుకున్నదానికన్నా బాగా జరిగినప్పుడు 'ఇది మళ్లీ చెయ్యి' అని నేర్పే సంకేతం.

రెండు నుంచి నాలుగు వారాల్లో నిద్ర, ఆకలి, పని ముందు కదులుతాయి, దిగులు చివర్లో తగ్గుతుంది. రోజూ రాత్రి నిద్ర గంటలు, దిగులుకు పదికి ఎన్ని మార్కులు అని ఒక నోటుబుక్కులో రాయండి. నాలుగు వారాలకు మార్పేమీ లేకపోతే మోతాదు పెంచడం, మందు మార్చడం ఆ రాతను బట్టి తేల్చుకోవచ్చు. తగ్గినాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించి, మెల్లగా దించాలి. నెలలపాటు వాడి ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం ఉంటాయి.

ఎప్పుడైనా నిద్ర లేకున్నా హుషారుగా, ఆపకుండా మాట్లాడుతూ రోజులు గడిపిన సందర్భం ఉందా? ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. బైపోలార్‌లో, అంటే అతి హుషారు, దిగులు మారిమారి వచ్చే జబ్బులో, ఈ మాత్ర ఒక్కటే ఇస్తే ఉన్మాదం వైపు తిరగొచ్చు.

పుత్తూరు ఫార్మసిస్ట్:
వికారానికి ఒక చిన్న మార్పు: ఇడ్లీ తిన్నాక పొద్దున వేయించండి. రాత్రి వేసుకుంటే కొందరికి నిద్ర చెడుతుంది. వికారం భరించలేకపోతే మాత్రను సగం చేసి కొన్నాళ్లు 5 మి.గ్రా. ఇవ్వవచ్చా అని డాక్టరునే అడగండి. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు వేయొద్దు. నొప్పికి ఇంకేమైనా వాడుతున్నాడా?

అలిపిరి వాసి:
అవునన్నా, నడుము నొప్పికి ట్రమడాల్, పక్క అంగడి నుంచి తెచ్చుకుంటున్నాడు.

పుత్తూరు ఫార్మసిస్ట్:
అది ఇంక వేయనీయకండి. ట్రమడాల్ కూడా సెరటోనిన్‌ను పెంచుతుంది, రెండూ కలిస్తే అది మితిమీరొచ్చు. ఎన్నాళ్లుగా, రోజుకెన్ని వేసుకుంటున్నాడో డాక్టరుకు ఈరోజే చెప్పండి. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఐబుప్రొఫెన్ వద్దు, ఈ మాత్రతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు సిరప్ కూడా వద్దు.

చేతులు వణకడం, కాళ్లు అదురుతూ బిగుసుకోవడం, విపరీతంగా చెమట, జ్వరం, తికమక, వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా తిరుపతి రుయా ఆసుపత్రిలోనో, దగ్గరున్న ఏ పెద్దాసుపత్రిలోనో అత్యవసర విభాగానికి తీసుకుపోండి, రెండు మందుల స్ట్రిప్పులూ చేతిలో పెట్టుకొని.

చంద్రగిరి సైకియాట్రీ:
గాబరా ఎక్కువై ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయినా, చావు గురించి మాట్లాడినా డాక్టరుకు వెంటనే ఫోన్ చేయండి, ఒంటరిగా వదలొద్దు. రాత్రివేళ డాక్టరు దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.