ఈస్ట్‌ని ‘తోడు వేయడం’ అనొచ్చా?

మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు, అక్కడ ఇంట్లో బీరు కాచుకోవడం నేరం కాదు (పెద్దవాళ్ళు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా కేంద్ర చట్టమే ఒప్పుకుంటుంది, ఇక్కడ మీరెవరూ మొదలెట్టకండి బాబూ, ఎక్సైజ్ వాళ్ళు వస్తారు). వాడు తన పద్ధతంతా తెలుగులో రాసి మా నాన్నగారికి చదివి వినిపించాలని సరదాపడి నన్నడిగాడు: పొడి ఈస్ట్‌ని నీళ్ళలో వేసి రీహైడ్రేట్ చేయడాన్నీ, తర్వాత దాన్ని చల్లారిన మాల్ట్ రసంలో (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన తీపి రసం) కలపడాన్నీ, అదే పిచింగ్‌నీ, ఏమంటారు మావయ్యా అని. మొదటిది నానబోయడం, రెండోది తోడు వేయడం అన్నాను. దాని మీద నిన్నటి నుంచి ఇక్కడ మీరంతా పట్టుకున్నారు కాబట్టి ఈ జవాబు.

పెరుగులో ఉండేది బ్యాక్టీరియా, ఈస్ట్ ఒక రకం బూజు జాతిది, రెండింటికీ ఒకే మాటేంటి అన్నారొకరు. నిజమే, కానీ ‘తోడెట్టావా?’ అని అడిగే మా అమ్మకి అందులో ఏ జీవి ఉందో పట్టదు. పాలు గోరువెచ్చగా ఉన్నాయా, చిటికెన వేలు ముంచితే హాయిగా ఉందా, గిన్నె కదపకుండా పెట్టావా, ఇంతే. ఈస్ట్ దగ్గరా అవే ప్రశ్నలు. అసలు చిక్కు వేరే ఉంది. తోడు అంటే నిన్నటి పెరుగులోంచి తీసిందో, పక్కింటికి గిన్నె పట్టుకెళ్ళి తెచ్చుకున్నదో. కొట్లో కొన్న పొట్లం తోడు ఎలా అవుతుంది? కాకపోతే కిందటిసారి కాచినదాని అడుగున మిగిలిన మడ్డి తీసి కొత్తదాంట్లో వేసేవాళ్ళూ ఉన్నారు, అది అచ్చంగా తోడే. మన తాటికల్లు సంగతీ అంతే, ఎవరూ ఈస్ట్ వెయ్యరు, ముంతలో నిన్నటి తడి, గాలిలోది చాలు, గంటల్లో నురగ కడుతుంది. అది వద్దనుకుంటే ముంత లోపల సున్నం పూస్తారు.

ఇక నానబెట్టడం పప్పులకి వాడే మాట, ప్రాణమున్న ఈస్ట్‌కి కుదరదు, ‘తేర్చడం’ అనండి అని ఇంకొకాయన. స్పృహ తప్పినవాడు తేరుకున్నట్టు ఈస్ట్ తేరుకుంటుందని ఆయన ఊహ, బాగుంది. కానీ గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు బిందెలో పటిక తిప్పి ‘నీళ్ళు తేరుకున్నాయా’ అని చూసిన ఇళ్ళు మనవి. బీరులోనూ చివర్న మడ్డి దిగి పైన తేటపడే దశ ఒకటుంది, ఆ మాట దానికి దాచుకోవాలి. పైగా నానబోయడం పప్పులకే అని ఎవరన్నారండీ? నారు పొయ్యడానికి విత్తనం ఒక రోజు నానబోసి, నీళ్ళు వంచేసి, గోనెసంచిలో కట్టి, పైన గడ్డి కప్పి మండె కడతాం, ఇంకో రోజుకి ముక్కు పగులుతుంది. ప్రాణం లేనిదానికి అంత సేవ చేస్తామా?

వాడు చేసేదీ ఆ వరసే. 11.5 గ్రాముల పొట్లానికి పదింతలు, అంటే సుమారు 115 మిల్లీలీటర్ల నీళ్ళు, మరగబెట్టి 30 డిగ్రీల దాకా చల్లార్చినవి. పైన చల్లి పావుగంట ముట్టుకోడు. గోధుమరంగు పలుకులు ఒక్కొక్కటే తడిసి, మెత్తబడి, కాఫీ నురగలా అయ్యాక మెల్లగా తిప్పుతాడు. తర్వాత మాల్ట్ రసం కొంచెం కొంచెం పోసి రెండింటి వేడీ దగ్గరకి తెచ్చాక తోడేస్తాడు. ఎండిపోయిన కణం పైపొర మొదటి నిమిషాల్లో దేన్ని రానివ్వాలో దేన్ని ఆపాలో తేల్చుకోలేదు, అందుకని ముందే చిక్కటి తీపి రసంలో పడితే కొన్ని చచ్చిపోతాయి. అయినా పొట్లం చింపి నేరుగా చల్లేసేవాళ్ళు బోలెడుమంది, కొన్ని ఈస్ట్ కంపెనీలు కూడా ఇప్పుడు అలా వేసినా పర్లేదంటున్నాయి. దానికి మన దగ్గర మాట సిద్ధంగానే ఉంది: వెదజల్లడం.

నన్ను మాత్రం నిపుణుడనుకోకండి. బన్నులు చేద్దామని బేకరీ ఈస్ట్‌ని మరుగుతున్న నీళ్ళలో వేసి, గంటసేపు గ్లాసు ముందు కూర్చున్నవాణ్ణి. ఒక్క బుడగ రాలేదు.

— ‘పులిపిండి’ అనొచ్చుగా? మా చర్చిలో పులియని రొట్టెల పండుగ అంటాం.

— అనొచ్చండీ, రొట్టెకైతే. ఇక్కడ పిండే లేదు కదా.

— ఇంతకీ నాన్నగారేమన్నారు?

— నిన్న రాత్రి ఫోన్లో చదివి వినిపించాడు. బార్లీని మొలకెత్తించి ఎండబెడితే మాల్ట్ అవుతుందనే దగ్గర ఆపి, ‘మండె ఎన్ని గంటలు కట్టావురా?’ అన్నారు. కొట్లో కొన్నాను తాతయ్యా అనేసరికి ఉసూరుమన్నారు.